గొంతు పోయిన కారు

"మీ నాన్న కాఫీ మళ్ళీ అలాగే తిరిగొచ్చింది," అంది బర్నీస్, కప్పు సింకులో వొంపేస్తూ. "నిన్న సూపూ అంతే. ఆ గరాజు గుమ్మం దగ్గర పిల్లికి పెట్టినట్టు పెట్టి వస్తున్నాను."

రెనాటా కడిగిన గిన్నెలే మళ్ళీ తుడుస్తోంది. ఆదివారం నుంచి ఆమె చేతులకి ఏదో ఒక పని కావాలి. కాస్త ఖాళీగా ఉంటే చాలు, ఆ స్టీరింగు వణుకు వాటిలోకి తిరిగొచ్చేస్తోంది.

ఆ రోజు చర్చి నుంచి వచ్చాక లెనర్డ్ తనంతట తానే తాళం చెవి తీసి కూతురి చేతిలో పెట్టాడు. కంటికి ఆపరేషనైంది, స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కానీ ఆ ముదురాకుపచ్చ కారు ఆదివారం మధ్యాహ్నం ఒక చుట్టు తిరిగి రాకుండా ఈ ఇంట్లో ఎవరూ భోజనానికి కూర్చోరు. జెరార్డ్ పోయిన దగ్గర్నుంచీ, ఈ ఎనిమిదేళ్ళూ అంతే. కొడుకు కారు, కొడుకుతో కలిసి కూర్చిన ఇంజను. దాన్ని ఇంకొకరు తోలడం అదే మొదలు.

"నది దాకా వెళ్ళి వచ్చేయ్. తొందరపెట్టకు," అన్నాడు.

ఆమె నది దగ్గర ఆగలేదు. బే సిటీ పొలిమేర దాటి, చక్కెర దుంపల పొలాల్లోకి వెళ్ళింది. రోడ్డు ఖాళీగా ఉంది. తమ్ముడు ఈ సీట్లో కూర్చుని ఏం వినేవాడో ఒక్కసారి వినాలనిపించింది. యాక్సిలరేటరు తొక్కింది. కారు ముందుకి దూకింది, ఆ గర్జన వీపులోంచి గుండెలోకి పాకింది. ఎవరో పక్క సీట్లో కూర్చుని నవ్వుతున్నట్టే అనిపించింది. ఆ తర్వాత బానెట్ కింద సమ్మెట దెబ్బ లాంటి చప్పుడు. ఒక రాడ్డు విరిగి, ఇంజను పక్క గోడని చీల్చుకుని బయటికొచ్చింది. రోడ్డు పొడుగునా నల్లటి నూనె, తెల్లటి పొగ. తర్వాత పొలాల మీద గాలి తప్ప ఇంకే చప్పుడూ లేదు.

అప్పట్నుంచి తండ్రి ఆమెతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

"ఈ పొద్దున నాకు వినిపించింది," అంది బర్నీస్.

రెనాటా తల తిప్పింది. "ఏంటమ్మా?"

"అదే. స్టార్టయిన చప్పుడు. అలమారలో పళ్ళేలు కూడా గణగణమన్నాయి. ఇదేంటి, బుధవారం పూట తీశాడేంటి అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది."

"దుంపల లారీ ఏదో వెళ్ళుంటుంది. ఇప్పుడు చక్కెర ఫ్యాక్టరీకి పోయేవి అవే కదా."

"లారీ చప్పుడు నాకు తెలీదా?" బర్నీస్ కప్పు బోర్లించింది. "నీకొకటి చెప్పనా? ఆ చప్పుడంటే నాకు అసహ్యం. ప్రతి ఆదివారం అది మొదలవగానే, ఒక్క క్షణం, వాడు వచ్చాడనుకునేదాన్ని. ప్రతి ఆదివారం. అది ఆగిపోతే ప్రాణం హాయిగా ఉంటుందనుకున్నాను. ఇప్పుడు ఆగింది. ఇప్పుడేమో లేనిది వినిపిస్తోంది."

వెనక సందులో పికప్ ట్రక్కు ఆగిన చప్పుడైంది. ఈసారి ఇద్దరూ విన్నారు.

"మామయ్యని నువ్వే పిలిచావా?" అంది రెనాటా.

"మరేం చెయ్యమంటావు? మీ నాన్న దాని పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాడు, శవం దగ్గర కూర్చున్నట్టు. ఎవరో ఒకరు దాన్ని అక్కణ్ణుంచి తియ్యాలి కదా." బర్నీస్ గొంతు తగ్గించింది. "చెస్టర్ రానన్నాడు తెలుసా? సొంత తమ్ముడు. మెకానిక్కు పని తప్ప ఇంకోటి తెలీనివాడు. 'అది అలాగే కప్పెట్టి ఉంచక్కా, ముట్టుకోకండి' అన్నాడు. రెండుసార్లు బతిమాలితే గానీ రాలేదు."

*

గరాజు తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. రెనాటా తట్టింది.

"నాన్నా. నేను."

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. లెనర్డ్ గడ్డం గీసుకోలేదు. ఒక కంటి మీద ఇంకా కట్టు ఉంది. వెనక కారు బానెట్ తీసి గోడకి ఆనించి ఉంది. కింద ఇంజను, పక్కన అరచేయి దూరేటంత కంత.

మామయ్య ఇంకా ట్రక్కులోంచి గొలుసులు దించుతున్నాడు. చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి అనుకుంది రెనాటా.

"నాన్నా, ఆయిలు మీటరు ముల్లు పడిపోవడం నేను చూశాను. సున్నాకి చేరకముందే చూశాను. కాలు తియ్యలేదు."

లెనర్డ్ కుర్చీలో కూర్చున్నాడు.

"తెలుసు," అన్నాడు. గొంతు తుప్పు పట్టినట్టుంది. "బేరింగు కాలి నల్లబడింది. ఒక్క నిమిషంలో అలా కాదు."

"తిట్టు నాన్నా."

"కాలెందుకు తియ్యలేదు?"

"వాడు పక్కనే ఉన్నట్టనిపించింది. కాలు తీస్తే వెళ్ళిపోతాడేమో అనిపించింది."

లెనర్డ్ ఆమె వంక చూడలేదు. కాలితో ఒక స్టూలు ఆమె వైపు తోశాడు. ఆమె కూర్చుంది. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఆ కంతకేసి చూశారు.

చెస్టర్ లోపలికి వచ్చాడు. బొద్దుగా, ఎప్పుడూ ఏదో ఒక జోకు వేస్తూ ఉండే మనిషి. ఇవాళ టోపీ కూడా తియ్యలేదు.

"బావా," అన్నాడు. "నేను దీన్ని మొత్తంగా నా షెడ్డుకి ఈడ్చుకుపోతాను. నువ్వు ఇంట్లో పడుకో. నాలుగు వారాల్లో ఇంకో ఇంజను దించి, మళ్ళీ నీ గుమ్మంలో పెడతాను. సరేనా?"

"ఇంకో ఇంజను ఎవడిక్కావాలి?"

"అది పోయింది బావా. అంత కంత అతికేది కాదు."

"అతకమని నేనన్నానా? పైకి లాగు చాలు. ముందు భాగంలో, ఆ బ్రాకెట్ కింద, వాడి పేరులో మొదటి అక్షరం, నా పేరులో మొదటి అక్షరం ఉన్నాయి. వాడికి పదహారేళ్ళప్పుడు ఇక్కడే, ఈ నేల మీదే, ఉలితో కొట్టాం. వాడు పట్టుకున్నాడు, నేను కొట్టాను. ఆ ముక్క కోసుకుంటాను. మిగతాది పాత సామానువాడికి పడేయ్."

చెస్టర్ గొలుసు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "నా షెడ్డులో కోసి తెచ్చిస్తాను. ఇక్కడ కుదరదు."

"నా కళ్ళ ముందే."

"ఒంటి కంటితో ఏం చూస్తావు?"

"ఉన్న కంటితో."

"నీ మొండితనం బావా, ఎప్పుడూ ఇంతే. చెప్పింది వినవు."

"నీకేమైందిరా?" అన్నాడు లెనర్డ్ నెమ్మదిగా. "ఇంజను తియ్యమంటే ఎప్పుడూ నాకన్నా ముందు పానా పట్టుకునేవాడివి."

చెస్టర్ కప్పీ బిగించాడు. బోల్టులు విప్పాడు. గొట్టాలు ఊడదీశాడు. లెనర్డ్ పక్కనే నిలబడి, తన చేతులతో కూర్చిన వస్తువుని ఇంకొకరు విప్పుతుంటే చూసేవాడిలా ఒక్కొక్క బోల్టూ అందుకుని వరసగా బల్ల మీద పెట్టాడు. గొలుసు బిగుసుకుంది. ఇంజను గూటిలోంచి లేచి, నూనె కారుస్తూ గాలిలో ఊగింది. బరువు తగ్గిన కారు ముందు భాగం పైకి లేచి నిట్టూర్చింది.

ఇంజనుని చెక్క దిమ్మెల మీదకి దించారు. లెనర్డ్ బ్రాకెట్ విప్పి, కిరసనాయిలు గుడ్డతో ఆ చోటు తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. ఆ గుడ్డ పారేసి, చొక్కా చేతి అంచుతో రుద్దాడు.

"రెనాటా. నా కన్ను సరిగా ఆనట్లేదు. నువ్వు చూడు."

ఆమె వంగి చూసింది. వేలితో తడిమింది. ఇనుము నున్నగా ఉంది, మీద రంగు తప్ప ఇంకేం లేదు.

"ఏమీ లేదు నాన్నా."

"అటు చూడు. ఇంకాస్త కిందకి."

"లేదు."

"ఉంటాయి. లోతుగా కొట్టాం. రుద్దితే పోయేవి కావు." తన వేలు కూడా పెట్టాడు. ఆ వేలు అక్కడే అటూ ఇటూ తిరిగింది. వెతుకుతున్నదేంటో మరిచిపోయినట్టు ఆగింది.

రెనాటా తలెత్తింది. గరాజులో ఉన్నవాళ్ళలో ఇంజనుకేసి చూడనిది ఒక్క చెస్టరే. గోడకున్న క్యాలెండరు కేసి చూస్తున్నాడు. అది పోయిన ఏడాదిది.

"మామయ్యా," అంది.

చెస్టర్ టోపీ తీశాడు.

"అది కాదు బావా, ఇది," అన్నాడు. "ఇది ఆ ఇంజను కాదు."

లెనర్డ్ అరచేయి మొత్తం ఇనుముకి ఆనించాడు.

"వాడు పోయే ముందటి నవంబరులో," అన్నాడు చెస్టర్. "ఎవడితోనో పందెం వేసి ఆ దుంపల పొలాల రోడ్డు మీదే తోలాడు. నీ ఇంజను గోడ చీలింది. చెయ్యెడు చీలిక. నా షెడ్డుకొచ్చి, నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఇరవైమూడేళ్ళవాడు, చిన్నపిల్లాడిలా. 'నాన్నకి చెప్పొద్దు మామా' అన్నాడు. మీరిద్దరూ షికాగోలో పెళ్ళికి వెళ్ళారు చూడు, అప్పుడు ఇది తెచ్చి దించాం. దెబ్బ తిన్న కారులోంచి తీసింది, అదే రకం. రంగు వేశాం. తెల్లారి నువ్వొచ్చి విని, 'ఇవాళ భలే పలుకుతోందిరా' అన్నావు. వాడు నవ్వాడు. తర్వాత నా దగ్గరికొచ్చి వాంతి చేసుకున్నాడు."

లెనర్డ్ చెయ్యి ఇంకా ఇనుము మీదే ఉంది.

"మరి ఆ జనవరిలో," అంది రెనాటా. "ఆ మంచులో ఉత్తరానికి ఎందుకెళ్ళాడు?"

ఈ ఇంట్లో ఎనిమిదేళ్ళుగా ఎవరూ పైకి అడగని ప్రశ్న అది. తెల్లవారక ముందే జెరార్డ్ చేతిసంచీతో బయటికి వెళ్ళాడు. ఎక్కడికని చెప్పలేదు. మామయ్య పికప్పు అడిగి తీసుకున్నాడు. మాకినా వంతెన దాటాక, సరస్సు పక్క రోడ్డు మీద బండి జారి చెట్ల మీదకి పోయింది; అక్కడే ప్రాణం పోయింది.

"ఆ వంతెన అవతల, ఎస్కనాబా దగ్గర ఒక ఫిన్నిష్ ముసలాయన ఉన్నాడు, టోయివో అని. చీలిన ఇనుము అతుకుతాడు," అన్నాడు చెస్టర్. "చీలిన నీ ఇంజను బ్లాకు అక్కడికి తీసుకెళ్తున్నాడు బావా. అతికించి, నీకు తెలీకుండా మళ్ళీ దించేద్దామని. ట్రక్కు వెనక అదే ఉంది. పోలీసులు నా బండి నాకిచ్చినప్పుడు దాన్నీ ఇచ్చారు. చెప్పాలనే అనుకున్నాను. శవపేటిక పక్కన నిలబడి చెప్పే మాటా అది? తర్వాత ఆదివారం నువ్వు ఈ కారు స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నావు. ఇక నా నోరు పెగల్లేదు."

"ఎనిమిదేళ్ళు," అన్నాడు లెనర్డ్. "ఎనిమిదేళ్ళు నేను ఎవరితో మాట్లాడానురా, ఆ సీట్లో కూర్చుని?"

"వాడు ఇల్లు వదిలి పోలేదా?"

ముగ్గురూ తిరిగి చూశారు. బర్నీస్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపైందో, ఏ మాట నుంచి వింటోందో తెలీదు. ఏప్రన్ అంచు పిడికిట్లో నలుగుతోంది.

"చెస్టర్, నిన్నే. వాడు వెళ్ళిపోలేదా?"

"లేదక్కా. ఆ సంచీలో ఉన్నవి పానాలే. రాత్రికి తిరిగొస్తానన్నాడు. నువ్వు పంది మాంసం వండుతున్నావని, దాచి ఉంచమని చెప్పమన్నాడు."

ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందని అనగానే తెలిసింది చెస్టర్‌కి. బర్నీస్ తలుపు చెక్క పట్టుకుంది.

"నన్ను వదిలి పోయాడనుకున్నాను," అంది. "ఒక్క మాట చెప్పకుండా, తల్లినని కూడా లేకుండా. పువ్వులు పట్టుకెళ్ళి ఆ సమాధి దగ్గర నిలబడ్డప్పుడు కూడా వాడి మీద కోపంగానే ఉన్నాను, లెన్. చచ్చిపోయిన పిల్లాడి మీద."

"బర్నీస్..."

"నువ్వేమన్నావు వాడితో? అంత భయపడ్డాడంటే ఏదో అన్నావు. అప్పుడూ అడిగాను. ఏమీ అనలేదన్నావు."

లెనర్డ్ నేల మీది నూనె మరకకేసి చూశాడు. "తాళం చెవి ఇచ్చిన రోజు. 'ఈ ఇంజను పాడుచేశావంటే మళ్ళీ ఈ గడప తొక్కకు' అన్నాను. నవ్వుతూనే అన్నాను."

"వాడు నవ్వలేదు బావా," అన్నాడు చెస్టర్.

బయట దుంపల లారీ ఒకటి మలుపు తిరిగింది. కిటికీ అద్దాలు సన్నగా వణికి ఆగాయి. బర్నీస్ ఆ అద్దాలకేసి చూసింది, మళ్ళీ భర్తకేసి చూసింది. ఏడవలేదు. ఏడిస్తే దగ్గరికి వెళ్ళొచ్చు అనుకుంది రెనాటా; అలా నిలబడ్డ మనిషి దగ్గరికి ఎలా వెళ్ళాలో తెలీలేదు.

"అదెక్కడుంది?" అన్నాడు లెనర్డ్.

"నా షెడ్డు వెనక. టార్పాలిన్ కింద."

"ఆ ముసలాయన బతికే ఉన్నాడా?"

"పోయిన వేసవిలో ఫోనులో మాట్లాడాను. ఉన్నాడు. బావా, ఇప్పుడెందుకు..."

లెనర్డ్ కోటు తీసుకున్నాడు. రెండో చెయ్యి దూర్చడానికి కాస్త తడుముకున్నాడు. "వాడు సగం దారి తీసుకెళ్ళాడు. మిగతా సగం నేను తీసుకెళ్తాను. నీ ట్రక్కు తాళం ఇవ్వు."

"నేను తోలతాను."

"నువ్వు కాదు. అంత దూరం నీ పక్కన కూర్చోలేను. ఇవాళ కాదు." చెస్టర్ చేతిలోంచి తాళం అందుకుని కూతురి వైపు చాచాడు. "నువ్వు తోలు."

రెనాటా వెనక్కి తగ్గింది. "మొన్న నేను చేసింది చూశాక కూడానా?"

"చేశావు. వచ్చి నా మొహం మీద చెప్పావు. వాడు చెప్పలేకపోయాడు. చెప్పలేకుండా చేశాను." తాళం ఆమె అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. అతని వేళ్ళకి ఇంకా నూనె జిడ్డు ఉంది.

"ఈ ఇంటి నుంచి ఆ దారిన ఇంకో బిడ్డ వెళ్ళదు," అంది బర్నీస్.

"మంచు ఇంకా మొదలవలేదు."

"మంచు గురించి నేను మాట్లాడట్లేదు. ఇనుము కోసం ఒకణ్ణి పంపించావు. ఇప్పుడు దీన్ని తీసుకెళ్తున్నావు. అతికించాక ఏం చేస్తావు? మళ్ళీ ఆదివారం పూట స్టార్ట్ చేస్తావా? మళ్ళీ నా కిటికీ కింద పెట్టి మోగిస్తావా?"

"నాకు తెలీదు," అన్నాడు లెనర్డ్. "అతికించాలి. అంతే తెలుసు."

"నా కొడుకు రాత్రికి వస్తానన్నాడు. ఆ మాట నాకు ఇవాళ అందింది. నా పక్కన కూర్చుంటావేమో అనుకున్నాను ఒక్క పూట."

అతను ఆగాడు. ఒక్క క్షణం కూర్చుంటాడేమో అనే అనిపించింది రెనాటాకి. కానీ తల వంచుకుని భార్య పక్క నుంచి బయటికి నడిచాడు. ట్రక్కు చుట్టూ తిరిగి, రెండో వైపు తలుపు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఇంకొకరి పక్క సీట్లో కూర్చోవడం ఆమె చూడలేదు. కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

రెనాటా వెళ్ళి ఎక్కింది. ఎందుకెక్కిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకి తేలలేదు. ఒంటరిగా ఆ సీట్లో కూర్చున్న తండ్రిని చూడలేకపోయిందేమో. తాళం తిప్పింది. ట్రక్కు ఇంజను అందుకుంది.

తల ఎత్తేసరికి ఎదురుగా తల్లి ఉంది. సందు మధ్యలో, ట్రక్కు ముందు. కోటు లేదు, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు. అరచేయి బానెట్ మీద ఆనించి, రోగి గుండె మీద చెయ్యి వేసి చూసేవాళ్ళలా తల కాస్త పక్కకి వంచింది. వెనక గరాజు గుమ్మంలో చెస్టర్ టోపీ నలుపుకుంటూ నిలబడిపోయాడు.

"అమ్మా, తప్పుకో," అంది రెనాటా. అద్దాలు మూసి ఉన్నాయి, ఆ మాట బయటికి వినిపించలేదు.

లెనర్డ్ కట్టు లేని కంటితో సూటిగా ముందుకే చూస్తున్నాడు.

"పోనివ్వు," అన్నాడు.

బర్నీస్ కదల్లేదు. రెనాటా కాలు బ్రేకు మీదే ఉంది.